ఈకా గాలమూ: విశ్రాంత జీవితానికి ఒక పాఠం

పదవీ విరమణ చేసిన పెద్దల గురించి మన ఇళ్లలో రెండు మాటలు వినిపిస్తుంటాయి. మొదటి నెలలో “ఇక హాయిగా కూర్చోండి” అంటారు. ఆరు నెలలు గడిచాక అదే నోటితో “ఎంతసేపని అలా కూర్చుంటారు?” అంటారు. ఈ రెండు మాటల మధ్య నలిగిపోయిన పెద్దమనుషులను మేము ఎందరినో చూశాము. ఏళ్ల తరబడి గంట కొడితే లేచి, గంట కొడితే కూర్చున్న మనిషికి గంట లేని రోజు ఎంత పొడవో అనుభవించిన వారికే తెలుస్తుంది. ఆ పొడవైన రోజును ఆయన ఒక్కరే కాదు, ఇంటిల్లిపాదీ మోయవలసి వస్తుంది.

ఆరోగ్యం, తీరిక అనే రెండు వరాల విషయంలో అనేకులు నష్టపోతారని దైవప్రవక్త ముహమ్మద్ (సల్లల్లాహు అలైహి వసల్లం) హెచ్చరించిన సంగతి మన పాఠకులకు కొత్త కాదు. తీరిక దొరికితే ఆరాధనలో గడుపుతామని అందరమూ అనుకుంటాము. అది ఉత్తమమైన సంకల్పమే. అయితే ఫజర్‌కూ జుహర్‌కూ మధ్య ఏడెనిమిది గంటల కాలం ఉంటుంది. పారాయణం, ఇంటి పనులు ముగిశాక కూడా చేతులు ఖాళీగానే ఉంటాయి. ఖాళీ చేతులు నాలుకకు పని పెడతాయి. మసీదు బయటి అరుగు మీద ముచ్చట్లు ఎలా మొదలవుతాయో, అవి ఎక్కడ పరోక్షనిందగా మారతాయో వేరే చెప్పనక్కర లేదు.

ఈ ఆలోచన మాకు కలగడానికి సొంత కారణం కూడా ఉన్నది. కర్నూలులో 32 ఏళ్లుగా అరబీ వ్యాకరణం, ఫిఖ్‌హ్ బోధిస్తూ వచ్చాము. గొంతు సమస్య వలన ఎక్కువసేపు మాట్లాడరాదని వైద్యులు చెప్పడంతో రాబోయే షవ్వాల్ నుండి మా బోధనా బాధ్యతలు ముగియనున్నాయి. మాకిప్పుడు 58 ఏళ్లు. అందుచేత, మాకంటే ముందు విశ్రాంతి పొందిన వారు తమ రోజులను ఎలా గడుపుతున్నారో కొంతకాలంగా శ్రద్ధగా గమనిస్తున్నాము. వారిలో ఒకరు కశ్మీరులోని మా సహాధ్యాయి. క్రితం సెప్టెంబరులో అర్ధసంవత్సర పరీక్షల సెలవులలో ఆయన ఇంట 9 రోజులు ఉన్నాము. ఆయన తన తీరికను చేపలు పట్టడంలో, అందుకు కావలసిన ఈకల ఈగలను కట్టడంలో గడుపుతున్నారు. వినడానికి చిన్న విషయమే. కానీ దాని వెనుక ఒక కుటుంబం నిలబడిన కథ ఉన్నది.

ఈగ గాలం అంటే ఏమిటి?

మా తుంగభద్ర ఒడ్డున పిల్లలు గాలానికి వానపామునో, పిండిముద్దనో గుచ్చి నీటిలోకి విసురుతారు. ఎర బరువుకు, దారానికి కట్టిన సీసపు గుండు బరువుకు గాలం దూరం వెళుతుంది. ఫ్లై ఫిషింగ్ అనే ఈ విద్యలో ఎరకు బరువే ఉండదు. అది కొక్కానికి దారంతో చుట్టిన ఈక ముక్క. నోటితో ఊదితే ఎగిరిపోతుంది. ఇక్కడ ‘ఈగ’ అంటే ఇంట్లో వాలే ఈగ కాదు. నీటిలో పుట్టి నీటి మీద ఎగిరే సన్నని పురుగుకు చేసిన నకలు.

ఎర బరువు లేనిది కాబట్టి దారాన్నే బరువుగా తయారు చేస్తారు. సుమారు 9 అడుగుల సన్నని కడ్డీతో ఆ దారాన్ని వెనక్కి విసరాలి. అది వెనుక గాలిలో పూర్తిగా సాగేవరకు ఆగాలి. అప్పుడే ముందుకు విసరాలి. తొందరపడితే దారం కొరడాలా చప్పుడు చేసి ఈగ తెగిపోతుంది. ఆలస్యమైతే దారం నేలకు జారి వెనుకనున్న పొదలలో చిక్కుకుంటుంది. ఈగ నీటిపై వాలిన తరువాత కూడా ప్రవాహం దానిని ఎలా తీసుకువెళితే అలా వెళ్లనివ్వాలి. దారం లాగినట్లు ఏమాత్రం కదిలినా చేపకు అనుమానం వస్తుంది.

ఇది నిన్న మొన్నటి విద్య కాదు. మాసిడోనియా ప్రజలు కొక్కానికి ఎర్ర ఉన్ని చుట్టి, కోడిపుంజు ఈకలు రెండు కట్టి చేపలు పట్టేవారని రోమన్ కాలపు రచయిత ఏలియన్ సుమారు 1800 ఏళ్ల క్రితమే వర్ణించాడు. ఇంగ్లండులో ఐజాక్ వాల్టన్ అనే లండను వర్తకుడు ‘ది కంప్లీట్ యాంగ్లర్’ అనే పుస్తకాన్ని 1653లో ప్రచురించే నాటికి ఆయన వయసు 60కి చేరింది. అందులో ఈగ గాలం గురించిన భాగాన్ని 1676 నాటి ప్రతికి ఆయన మిత్రుడు చార్లెస్ కాటన్ రాసి చేర్చాడు. వార్ధక్యానికీ ఈ విద్యకూ గల స్నేహం అంత పాతది.

కశ్మీరులో ఈ గాలానికి పడే ట్రౌట్ చేప కూడా బయటి నుండి వచ్చినదే. బ్రిటిషు వారి వేట సరదా కోసం 1899లో ఇంగ్లండు నుండి పంపిన గుడ్లు దారిలోనే చెడిపోయాయి. 1900లో స్కాట్లాండు నుండి తెప్పించిన వాటితో ప్రయత్నం ఫలించింది. శ్రీనగర్ సమీపంలోని హర్వాన్‌లో వాటిని పెంచి ఏరులలో వదిలారు. దొరల సరదాగా వచ్చిన ఆ చేప నేడు ప్రభుత్వ మత్స్యశాఖ పెంపకంలో సామాన్యుల వంటింటికి కూడా చేరింది. నదిలో గాలం వేయాలంటే మాత్రం ఆ శాఖ నుండి అనుమతి పత్రం తీసుకోవాలి. ఏ భాగంలో వేయాలో, ఎంత పొడవుకు తక్కువైన చేపను వదిలివేయాలో, రోజుకు ఎన్ని మించరాదో నియమాలు ఉన్నాయి. చలికాలంలో, చేపలు గుడ్లు పెట్టే వేళ, వేటే నిషేధం.

31 ఏళ్ల ఉస్తాదు, ఒక కొత్త శిష్యుడు

మా సహాధ్యాయి పల్లె పహల్గామ్‌కు దిగువన, లిద్దర్ నది ఒడ్డున ఉన్నది. మేమిద్దరం ఉత్తరప్రదేశ్‌లోని ఒక దీనీ విద్యాలయంలో 6 ఏళ్లు ఒకే గదిలో ఉన్నవారము. తరువాత ఆయన తన ప్రాంతంలో 31 ఏళ్లు ఉపాధ్యాయుడిగా పనిచేసి 60వ ఏట విరమించారు. విరమించిన తరువాత తన ఇంటినే తరగతి గదిగా మార్చారు. ఈ మాట మేము అంటున్నది కాదు, ఆయనే చెప్పారు. కోడలు చేసిన నూన్ చాయ్‌లో ఉప్పు ఎక్కువైందని రోజూ తీర్పు. మనవడి చేతిరాతపై రోజూ విచారణ. పొరుగువారి గోడ వంకరగా ఉందని రోజూ వాదన. 8 ఏళ్ల మనవడు తాత కూర్చున్న గదిలోకి రావడం మానివేశాడు. చివరకు కోడలు బిడ్డను తీసుకుని పుట్టింటికి వెళ్లి 40 రోజులు తిరిగి రాలేదు. కొడుకు తండ్రిని ఏమీ అనలేక, భార్యను ఏమీ అనలేక మౌనంగా ఉండిపోయాడు.

ఆ రోజులలో, నది కావలిగా పనిచేసి ఎప్పుడో విశ్రాంతి పొందిన ఒక వృద్ధుడు మసీదు మెట్ల మీద ఆయనను పలకరించాడు. “మాస్టర్‌జీ, రేపు అసర్ తరువాత ఏటి ఒడ్డుకు రండి” అన్నాడు. అంతకుమించి ఏమీ అనలేదు. ఆ వృద్ధుడికి 70 ఏళ్లు దాటాయి. చదువు లేదు. సంతకం కూడా వేలిముద్రే.

నెల రోజుల వరకు ఆయన ఈ మాస్టర్‌జీని నీటి దరికి రానివ్వలేదట. కోత కోసిన వరిపొలంలో నిలబెట్టి, కొక్కెం బదులు దారం చివర ఉన్ని పోగు కట్టి, విసరడం నేర్పాడట. అలిఫ్, బే దిద్దించినట్లే.

“మౌలానా, 31 ఏళ్లలో నన్ను ఎవరూ ‘తప్పు, మళ్లీ చేయండి’ అనలేదు. అది నేను ఇతరులతో అనే మాట. ఆ పొలంలో రోజుకు వందసార్లు విన్నాను. ఆ కాకా ఒక్కసారైనా గొంతు పెంచలేదు, ఒక్కసారైనా ముఖం చిట్లించలేదు. ఇంటికి వెళ్లి మనవడి రాత పుస్తకం తెరిస్తే నాకు నోరు రాలేదు” అన్నారు మా మిత్రుడు.

ఈ మాట చెబుతున్నప్పుడు భాభీ సాహెబా తెర అవతల నుండి, “భాయీ సాహెబ్, మా ఇంటికి కోడలిని తెచ్చింది ఆ చేపలే” అన్నారు నవ్వుతూ. కోడలు తిరిగి రావడానికి కొడుకు వెళ్లి బతిమాలడం, మామగారు స్వయంగా వెళ్లి మాట్లాడడం వంటి కారణాలు కూడా ఉన్నాయి. కానీ వచ్చిన కోడలు ఉండిపోవడానికి కారణం, తన తప్పులు ఎంచేవాడు తానే రోజూ తప్పులు దిద్దించుకుంటున్నాడని ఆమె గ్రహించడమేనని మాకు తోచింది.

ఈకలతో కట్టే పురుగు

అక్టోబరు నుండి మార్చి వరకు వేట ఉండదు. బయట మంచు కురుస్తుంటే, ఇషా తరువాత ఆయన ఫెరన్ లోపల కాంగ్డీ పెట్టుకుని ఈగలు కట్టడానికి కూర్చుంటారట. మేము ఉన్న రోజులలో కూడా రాత్రిపూట గంటసేపు ఆ పని చూశాము, తరువాత చేశాము.

బల్ల అంచుకు బిగించిన చిన్న పట్టకారులో కొక్కాన్ని నిలుపుతారు. కొక్కాల లెక్క విచిత్రమైనది. సంఖ్య పెరిగే కొద్దీ పరిమాణం తగ్గుతుంది. 12వ నంబరు కంటే 16వ నంబరు చిన్నది. ఆ కొక్కెం మీద పట్టుదారం వంటి సన్నని దారాన్ని వరుసగా చుట్టి పునాది వేస్తారు. నీటిపై తేలవలసిన ఈగకు కోడిపుంజు మెడ ఈకను చుడతారు. దాని పోగులు గట్టిగా, నిటారుగా ఉండి నీటి ఉపరితలంపై కాళ్లలా నిలబడతాయి. మునగవలసిన ఈగకు పెట్ట ఈకను వాడతారు. అది మెత్తగా ఉండి నీటిలో ఊపిరి తీసుకున్నట్లు కదులుతుంది. రాలిన నెమలి ఈక పోగులు చుడితే పచ్చగా మెరిసే పురుగు శరీరం తయారవుతుంది.

ఆయన మాకు మొదట నేర్పినది ఫెజంట్ టెయిల్ అనే నమూనా. ఇంగ్లండులోని ఏవన్ నదికి కావలిదారుగా పనిచేసిన ఫ్రాంక్ సాయర్ దీనిని రూపొందించాడు. ఇందులో దారం కూడా లేదు. ఒక పక్షి తోక ఈక పోగులు, సన్నని రాగి తీగ, అంతే. ఈ రెండింటితోనే తోక, దేహం, రెక్కల ఉబ్బు అన్నీ వస్తాయి. తీగ బరువుకు అది మునిగి, చేప ఉండే లోతుకు చేరుతుంది. గొప్ప నకలుకు ఎక్కువ సామగ్రి అవసరం లేదని, పురుగును ఎక్కువగా చూడడం అవసరమని ఆ కావలిదారు నిరూపించాడు.

63 ఏళ్ల కళ్లకు సన్నని దారం కనిపించదు. దానిని సూది గొట్టంలోకి ఎక్కించే పని ఇప్పుడు మనవడిది. వాడు తాత మోకాలికి ఆనుకుని కూర్చుని, “దాదాజీ, ఇక్కడ వదులైంది, విప్పండి” అంటాడు. ఆయన మారు మాటాడకుండా విప్పుతారు.

రాతి కింది జీవితం

నదికి వెళ్లిన మొదటి రోజు మా మిత్రుడు కడ్డీ తీయలేదు. మోకాలి లోతు నీటిలో దిగి ఒక రాయిని తలకిందులు చేసి చూపారు. దాని అడుగున మూడు తోకలు గల చిన్న పురుగులు అటూ ఇటూ జరిగాయి. మేఫ్లై అనే ఈగ పిల్లలవి. నెలల తరబడి, కొన్ని జాతులైతే ఏడాదికి పైగా, రాళ్ల కింద బతుకుతాయి. ఒకనాటి సాయంత్రం నీటిపైకి వచ్చి రెక్కలు విప్పుతాయి. పెద్దదైన మేఫ్లైకి తినడానికి పనికివచ్చే నోరు ఉండదు. కొన్ని గంటలో, ఒకటి రెండు రోజులో జీవించి, గుడ్లు పెట్టి మరణిస్తుంది. ట్రౌట్ చేపకు అది విందు. పక్క రాయికి ఇసుక రేణువులు, చిన్న గులకలు అతికించుకుని గూడు కట్టుకున్న మరో పురుగు ఉన్నది.

ఈ పురుగులలో చాలా జాతులు మురికి నీటిలో బతకవు. ట్రౌట్‌కు చల్లని, ప్రాణవాయువు నిండిన నీరు కావాలి. నీటి వేడి 20 డిగ్రీలు దాటితే అది తల్లడిల్లుతుంది. కాబట్టి ఈ విద్య అభ్యసించే వాడు నది ఆరోగ్యాన్ని రోజూ పరీక్షించే వైద్యుడి వంటివాడు. మా మిత్రుడు, ఆ వృద్ధుడు ఇంటికి తిరిగి వచ్చేటప్పుడు ఒడ్డున పర్యాటకులు పారవేసిన ప్లాస్టిక్ పొట్లాలను ఒక గోనెసంచిలో ఏరుకు వస్తారు. ఎవరూ చెప్పలేదు, ఎవరికీ చెప్పరు.

మూడవ చేప తరువాత

ఫిఖ్‌హ్ బోధించే వారము కాబట్టి మా మనసులో ఒక ప్రశ్న మెదులుతూనే ఉన్నది. నీటి వేట ధర్మసమ్మతమని ఖుర్ఆన్‌లోని అల్ మాయిదా సూరా స్పష్టం చేస్తున్నది. అందులో సందేహం లేదు. కానీ ప్రాణిని కేవలం వినోదానికి గురిగా చేసుకోవడాన్ని దైవప్రవక్త (స) వారించారు. పాశ్చాత్య దేశాలలో అనేకులు పట్టిన చేపనల్లా తిరిగి వదిలివేస్తారు. చేపల సంతతి తరగకూడదన్నది వారి ఉద్దేశం, అది మంచిదే. అయినా తినే ఉద్దేశమే లేకుండా, ఆట కోసమే ఒక ప్రాణి నోటికి కొక్కెం గుచ్చి, అలసిపోయే వరకు లాగి వదలడం సమంజసమా? ఈ ప్రశ్న మా మిత్రుడి ముందు ఉంచాము.

ఆయన గ్రంథాలు తెరవలేదు. తన నియమం చెప్పారు. ఇంటి నుండి బయలుదేరే ముందే భాభీ సాహెబాను “ఈ రాత్రి ఎన్ని కావాలి?” అని అడుగుతారు. రెండంటే రెండు, మూడంటే మూడు. అవి దొరకగానే ఈగను కత్తిరించి కడ్డీని మడిచివేస్తారు. కొక్కాలకు ఉండే ముల్లును ముందుగానే పట్టకారుతో నొక్కి అణచివేస్తారు. నియమానికి లోబడని చిన్న చేప పడితే, తడి చేతితో, నీటిలోనే ఉంచి కొక్కాన్ని జార్చివేస్తారు. ఉంచుకునే చేపను ఒడ్డున ఎగిరి ఎగిరి చావనివ్వరు, వెంటనే తలపై ఒక దెబ్బతో ముగిస్తారు. “మౌలానా, మూడవ చేప వరకు అది వేట. నా అసలు పరీక్ష మూడవ చేప తరువాత మొదలవుతుంది” అన్నారు.

ఆ పరీక్షను మేము 6వ రోజున కళ్లారా చూశాము. అసర్ నమాజు అయ్యాక అరగంటలోనే ఆయన సంచిలో మూడు చేపలు చేరాయి. సరిగ్గా అప్పుడే మేఫ్లైలు లేచాయి. నది మీద సన్నని పొగ కమ్మినట్లు వేలాది రెక్కలు. మలుపు నుండి మలుపు దాకా చేపలు పైకి లేచి పురుగులను అందుకుంటున్నాయి. నీటి నిండా వలయాలే. ఏడాదిలో ఏ కొద్ది సాయంత్రాలలోనో దొరికే దృశ్యమట అది. ఆయన చేయి ఒకసారి కడ్డీ మీదకు వెళ్లింది. క్షణం ఆగింది. తరువాత చొక్కా జేబులోని చిన్న కత్తెర తీసి ఈగను తెంచివేశారు. మేము ముగ్గురం ఒక దిమ్మె మీద కూర్చుని, అవతలి ఒడ్డు నుండి మగ్రిబ్ అజాన్ వినిపించే వరకు ఆ వలయాలను చూస్తూ ఉండిపోయాము. లిద్దర్ నీటితో చేసిన ఆ వుజూ చలి ఇంకా మా చేతులలో ఉన్నది.

మా అభిప్రాయం ఇది: తినే నిమిత్తం, అవసరం మేరకు, హింసను తగ్గించి పట్టడంలో దోషం లేదు, అందులో మనసుకు కలిగే ఆనందం కూడా ధర్మబద్ధమే. హద్దు దాటిన తరువాతి ఆనందం విషయంలోనే జాగ్రత్త అవసరం. ఖరీదైన విదేశీ కడ్డీల వెంట పడితే అది దుబారా కింద మారుతుందని కూడా చెప్పవలసి ఉన్నది. మా మిత్రుడి కడ్డీ ఆ వృద్ధుడు వాడి వదిలినదే.

మన ఇళ్లకు సంబంధించిన మాట

మన వేడి నదులలో ట్రౌట్ బతకదు. ఈ వ్యాసం చదివి ఎవరూ కశ్మీరుకు ప్రయాణం కట్టనవసరం లేదు. కానీ విశ్రాంతి పొందిన మనిషికి ఎటువంటి పని కావాలో మాకు అక్కడ తెలిసివచ్చింది. అలిఫ్ నుండి మొదలుపెట్టవలసిన పని కావాలి. “తప్పు, మళ్లీ చేయండి” అని చెప్పగలవాడు ఒకడు కావాలి. ఇంటికి చిన్నదైనా ప్రయోజనం చేరాలి. ఎక్కడ ఆపాలో తెలిసి ఉండాలి. పుస్తకాలకు జిల్దు కట్టడమో, మొక్కలకు అంట్లు కట్టడమో, ఖుష్‌ఖత్ దిద్దడమో, ఏదైనా కావచ్చు. కుటుంబ సభ్యులు పెద్దలకు చేయగల గొప్ప సేవ “కూర్చోండి” అనడం కాదు. కిటికీ పక్కన ఒక బల్ల వేసి, ఆ మూలను వారికి వదిలిపెట్టడం.

మాకు అటువంటి మూల ఒకటి దొరికింది. కశ్మీరు నుండి వస్తూ ఒక పాత పట్టకారును, గుప్పెడు కొక్కాలను మా మిత్రుడు ఇచ్చి పంపారు. మా ఇంట నాటుకోడి కోసినప్పుడల్లా మా ఇల్లాలు మెడ ఈకలను సబ్బు నీటితో కడిగి, నీడన ఆరబెట్టి దాచి ఉంచుతున్నారు. భారతదేశపు పుంజుల మెడ ఈకలు ప్రపంచమంతటా ఈగలు కట్టేవారి బల్లలకు చేరుతుంటాయని విని ఆమె ఎంతో ఆశ్చర్యపోయారు. ప్రతి నెలా ఒక డజను ఈగలు కట్టి తపాలాలో లిద్దర్ ఒడ్డుకు పంపుతున్నాము. అక్కడి వృద్ధుడు వాటిని ఒక్కొక్కటిగా వెలుతురులో పెట్టి చూస్తాడు. నీటికి తగినవి ఉంచుకుంటాడు, తగనివి తిప్పి పంపుతాడు. మొదటి నెల 12లో 12 తిరిగి వచ్చాయి. క్రితం నెల 5 తిరిగి వచ్చాయి. వాటితో పాటు మా మిత్రుడి చేతిరాతలో ఒక చీటీ: “తల దగ్గర దారం వదులుగా ఉన్నదని కాకా అంటున్నారు. మళ్లీ కట్టండి.”

మళ్లీ కడుతున్నాము. మిగిలిన ఆరోగ్యాన్ని, మిగిలిన తీరికను మేలైన పనిలో వెచ్చించే భాగ్యాన్ని, మన ఇళ్లలోని పెద్దలతో సహనంగా మెలిగే మనసును అల్లాహ్ మనందరికీ ప్రసాదించుగాక! ఆమీన్.